మొదటి ఎంబెడెడ్ పరికరం మీరే చేయండి: ట్యాంకు నిండితే మోగే అలారం

ఎంబెడెడ్ సిస్టమ్స్ నేర్చుకోవాలని ఉంది, అమీర్‌పేటలో ఏ కోర్సులో చేరాలి? ముందు ప్రోగ్రాములు రాసే సీ భాష పూర్తిచేయాలా? నేను చదివింది ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) కాదు, నాకు వస్తుందా? హైదరాబాద్‌లో చదువుకుంటున్నవారు, ఉద్యోగం మారాలనుకునేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్నలు ఇవి. మూడింటికీ నాది ఒకటే జవాబు. ఫీజు కట్టే ముందు ఒక చిన్న పరికరాన్ని మీ చేతులతో చేసి, ఇంట్లో బిగించి, ఒక నెల నడిపించండి. ఈ పని మీకు నచ్చుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. కోర్సులో ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

పరికరం ఏమిటంటే, మేడ మీది నీళ్ల ట్యాంకు నిండగానే ఇంట్లో మోగే అలారం. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లలో సంపు నుంచి మోటారు వేసి, మరిచిపోయి, మేడ మీద నుంచి నీళ్లు వీధిలోకి కారడం ఈ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. అవసరం నిజమైనది కాబట్టి మధ్యలో వదిలేయాలనిపించదు.

సిద్ధాంతం ఒక్క పేరా చాలు. ఒకే పని కోసం ఒక వస్తువులో ఇమిడిపోయిన చిన్న కంప్యూటరే ఎంబెడెడ్ సిస్టమ్. వాషింగ్ మెషీన్, మెట్రో స్టేషన్‌లో కార్డు చూపితే తెరుచుకునే గేటు, 1967లో మన నగరంలో ఏర్పాటైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసే ఓటింగ్ యంత్రం, అన్నీ ఇవే. బయటి సంగతిని పసిగట్టేది ఒకటి, నిర్ణయించే చిప్ ఒకటి, పని చేసేది ఒకటి. మన పరికరంలో ఆ మూడూ వరుసగా ఫ్లోట్ స్విచ్, మైక్రోకంట్రోలర్, బజర్.

ముందే ఒక హెచ్చరిక

ఈ పరికరం మోటారును ఆపదు, మోగుతుంది, అంతే. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి ఆపే స్విచ్) పెట్టి మోటారును కూడా ఆపేద్దామని మీకు తప్పకుండా అనిపిస్తుంది. మొదటి ప్రయత్నంలో ఆ పని చేయకండి. మోటారుకు వెళ్లేది 230 వోల్టులు. దాని పక్కన తడి, మేడ మీది ఇనుప చువ్వలు, అనుభవం లేని చేతులు ఉంటాయి. ఇక్కడ చెప్పేదంతా 5 వోల్టుల పనే. ఈ గీత దాటకండి.

కావలసినవి

- మన మైక్రోకంట్రోలర్ చిప్ ఉండే ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు, దాని కేబుల్. క్లోన్ బోర్డు (వేరేవారు చేసిన నకలు) అయినా పరవాలేదు. ఆర్4 వద్దు. అందులో చిప్ వేరు, ఒక్కో పిన్ను ఇవ్వగలిగిన కరెంటు కూడా తక్కువ. ఈ వ్యాసంలోని లెక్కలు ఆర్3 బోర్డువి.
- బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా తీగలు గుచ్చి కలిపే పలక), జంపర్ వైర్లు
- 5 వోల్టుల యాక్టివ్ బజర్
- బీసీ547 ట్రాన్సిస్టర్లు రెండు (ఒకటి పాడైతే ఇంకొకటి)
- 1 కిలో ఓమ్ రెసిస్టర్లు నాలుగైదు, 104 అని రాసి ఉండే చిన్న సెరామిక్ కెపాసిటర్ ఒకటి
- నిలువుగా వేలాడే ప్లాస్టిక్ ఫ్లోట్ స్విచ్. లోపల రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికి వస్తే కలిసేది), తేలే భాగంలో అయస్కాంతం ఉండే రకం
- మేడ నుంచి ఇంట్లోకి చాలినంత రెండు తీగల వైరు, అర అంగుళం పీవీసీ పైపు ముక్క
- మల్టీమీటరు. చవక రకం సరిపోతుంది, కానీ తీగ కలిసిందో లేదో బీప్ శబ్దంతో చెప్పే సౌకర్యం ఉండాలి

కొనడానికి కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లండి. మెట్రోలో అయితే ఉస్మానియా మెడికల్ కాలేజీ, సుల్తాన్ బజార్ స్టేషన్లు రెండూ దగ్గరే. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, వేరే రోజు చూసుకోండి. జాబితా కాగితం మీద రాసి ఇస్తే దుకాణంలో పని త్వరగా అవుతుంది. బోర్డు తీసుకునేటప్పుడు "అన్నా, దీంట్లో యూఎస్‌బీ చిప్ ఏది?" అని అడగండి. సీహెచ్340 అంటే డ్రైవరు వేసుకోవలసి రావచ్చు, అంతకుమించి తేడా లేదు. బజర్‌ను అక్కడే 5 వోల్టులకు తాకించి చూపమనండి. ఆగకుండా మోగితే యాక్టివ్. టిక్ మని ఊరుకుంటే పాసివ్, అది మనకు పనికిరాదు. క్లోన్ బోర్డుతో కలిపి మొత్తం సుమారు 1500 రూపాయల లోపే అవుతుంది.

ఇప్పుడే కొనలేనివారు టింకర్‌క్యాడ్, వోక్వి అనే ఉచిత సిమ్యులేటర్లలో మూడో మెట్టు వరకు బ్రౌజర్‌లోనే చేయవచ్చు. నేర్చుకోవడానికి అవి మంచివే. అయితే వదులైన తీగ, తప్పుడు కేబుల్, తడి, ఇవేవీ సిమ్యులేటర్‌లో ఎదురుకావు. ఈ వృత్తిలో సగం సమయం పోయేది వాటి దగ్గరే.

1. బోర్డును కంప్యూటర్‌కు పరిచయం చేయండి

ప్రోగ్రామ్ రాసి బోర్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఆర్డుయినో ఐడీఈని దాని అధికారిక సైటు నుంచి దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. బోర్డును కలిపి, టూల్స్ మెనూలో బోర్డు దగ్గర ఆర్డుయినో ఊనోను, పోర్టు దగ్గర కొత్తగా కనిపించినదాన్ని ఎంచుకోండి. ఏది కొత్తదో తెలియకపోతే కేబుల్ పీకి జాబితా చూడండి, మళ్లీ పెట్టి చూడండి. కొత్తగా చేరినదే మీది.

పోర్టు అసలు కనిపించకపోతే కేబుల్‌ను అనుమానించండి. ఊనోకు వచ్చే చదరపు మూతి కేబుల్‌తో ఈ బాధ అరుదు. ఊనో బదులు నానో అనే చిన్న ఆర్డుయినో బోర్డు కొన్నవారు ఫోను చార్జరు వైరు వాడితే మాత్రం, అందులో డేటా తీగలు లేకపోవచ్చు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం కనిపించదు. కేబుల్ మంచిదేనని తేలితే సీహెచ్340 డ్రైవరు వేయండి. లైనక్స్ వాడేవారు తమ యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి.

2. లైటు ఆర్పి వెలిగించండి, కానీ మీ లెక్క ప్రకారం

ఫైల్ మెనూలో ఎగ్జాంపుల్స్, అందులో బేసిక్స్, అందులో బ్లింక్. కుడివైపు బాణం గుర్తు నొక్కితే ప్రోగ్రామ్ బోర్డులోకి ఎక్కుతుంది. బోర్డు మీది చిన్న లైటు సెకను వెలిగి, సెకను ఆరుతుంది.

చాలామంది ఇక్కడే మోసపోతారు. కొత్త బోర్డుల్లో చాలావాటికి బ్లింక్ ముందే ఎక్కించి ఉంటుంది. లైటు మెరిసినంత మాత్రాన మీ అప్‌లోడ్ జరిగినట్టు కాదు. అందుకే ప్రోగ్రామ్‌లో డిలే అన్న రెండు చోట్లా 1000 తీసేసి 100 పెట్టి మళ్లీ ఎక్కించండి. లైటు గబగబా కొట్టుకుంటేనే బోర్డు మీ మాట విన్నట్టు. ఆ అంకెలు మిల్లీసెకన్లు.

ఇప్పుడు బోర్డును కంప్యూటర్ నుంచి తీసి ఫోను చార్జరుకు తగిలించండి. లైటు అదే వేగంతో కొట్టుకుంటుంది. ప్రోగ్రామ్ చిప్‌లోని 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీలో ఉండిపోయింది కాబట్టి, కరెంటు పోయి వచ్చినా ఎవరూ మీట నొక్కకుండానే తన పని తాను మొదలుపెడుతుంది. ఈ చిన్న పరీక్షను దాటవేయకండి. ల్యాప్‌టాప్ లేకుండా మీ ప్రోగ్రామ్ నడవడం మీరు మొదట చూసేది ఇక్కడే.

అప్‌లోడ్ కాకుండా 'నాట్ ఇన్ సింక్' అనే ఎర్ర సందేశం వస్తే మూడు సంగతులు చూడండి: పోర్టు సరైనదేనా, 0, 1 నంబరు పిన్నులకు ఏదైనా తగిలించారా (అవి కంప్యూటర్‌తో మాట్లాడే పిన్నులు, ఖాళీగా వదలాలి), నానో క్లోన్ అయితే టూల్స్ మెనూలో ప్రాసెసర్ దగ్గర ఓల్డ్ బూట్‌లోడర్ ఎంచుకున్నారా.

3. బోర్డుకు వినడం నేర్పండి

ఎగ్జాంపుల్స్‌లో డిజిటల్, అందులో డిజిటల్ ఇన్‌పుట్ పుల్అప్. దీన్ని తెరిచి, ఏమీ మార్చకుండా ఎక్కించండి. 2వ పిన్నులో ఒక జంపర్ వైరు గుచ్చి, రెండో కొసను గాలిలో వదలండి. ఐడీఈలో కుడివైపు పైన ఉండే సీరియల్ మానిటర్‌ను (బోర్డు పంపే అంకెలు చూపే కిటికీ) తెరవండి. 1 అని వరుసగా వస్తుంటుంది. ఆ కొసను జీఎన్‌డీ (గ్రౌండ్, అంటే 0 వోల్టులు) అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టండి. 1 కాస్తా 0 అవుతుంది, బోర్డు మీది లైటు వెలుగుతుంది.

అంకెలకు బదులు అర్థంలేని గుర్తులు వస్తుంటే మానిటర్ కిందో పైనో ఉండే వేగాన్ని 9600కు మార్చండి. ప్రోగ్రామ్‌లో రాసిన వేగం అదే.

పుల్అప్ అన్నది ఏం చేస్తుందో ఇక్కడే అర్థం చేసుకుంటే తరువాత చాలా చిక్కులు తప్పుతాయి. దేనికీ తగలని పిన్ను 0 అని గానీ 1 అని గానీ నిలకడగా చెప్పదు. చేయి దగ్గరికి తెచ్చినా మారిపోతుంది. చిప్ లోపలే ఉన్న ఒక రెసిస్టర్ ఆ పిన్నును 5 వోల్టుల వైపు లాగి పట్టుకుంటే, జీఎన్‌డీకి కలిపినప్పుడు మాత్రమే 0 అవుతుంది. 'నా సర్క్యూట్ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు' అని వచ్చే ఫిర్యాదుల్లో నేను మొదట వెతికేది పుల్అప్ మరిచిపోయారా అనే.

4. బజర్ తగిలించండి

బజర్‌ను నేరుగా పిన్నుకు కలపకండి. ఈ చిప్‌లో ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకోవడం క్షేమం, 40 దాటితే చిప్ దెబ్బతింటుంది. బజర్లు కొన్ని 30 దాకా లాగుతాయి. మధ్యలో ట్రాన్సిస్టర్ పెడితే ఆ భారం పిన్ను మీద పడదు.

బీసీ547 చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎమిటర్‌ను జీఎన్‌డీకి కలపండి. బేస్‌ను 1 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా 8వ పిన్నుకు కలపండి. బజర్ ప్లస్ కాలును 5 వోల్టులకు, రెండో కాలును కలెక్టర్‌కు కలపండి. 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీద గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలుంటాయి. రంగుల మీద నమ్మకం లేకపోతే మల్టీమీటరుతో కొలవండి. నేను కొలిచే పెడతాను.

ఇప్పుడు ప్రోగ్రామ్‌లో మొదటి మార్పు. 13 అని ఉన్న మూడు చోట్లా 8 పెట్టండి (వ్యాఖ్యల్లో, అంటే చిప్ పట్టించుకోని వివరణల్లో ఉన్నవాటిని వదిలేయవచ్చు). ఎక్కించి, 2వ పిన్ను వైరును జీఎన్‌డీకి తాకించండి. బజర్ మోగాలి. 13నే ఉంచుకోకూడదా అని అడుగుతారు. ఉంచుకోవచ్చు, కానీ బోర్డు కొత్తగా మొదలైన ప్రతిసారీ ఆ పిన్ను కొన్నిసార్లు దానంతట అదే మెరుస్తుంది. కరెంటు వచ్చినప్పుడల్లా బజర్ కూత పెడుతుంది.

మోగకపోతే వరుసగా: బజర్ తిరగబడిందా? ట్రాన్సిస్టర్ ముఖం మారిందా? బ్రెడ్‌బోర్డు అంచున ఉండే పొడవాటి గీతలు మధ్యలో తెగి ఉన్నాయా? కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో ఎర్ర, నీలి గీతలు సగం దగ్గర ఆగిపోతాయి. కంటికి ఒకటే వరుసలా ఉంటుంది, లోపల రెండు. మల్టీమీటరు బీప్‌తో ఒక్క క్షణంలో తేలిపోతుంది.

5. తీగ తెగితే ఏమవుతుంది?

ఈ వ్యాసం మొత్తంలో నాకు ముఖ్యమైన మెట్టు ఇదే.

ఇప్పటివరకు చేసినదాని ప్రకారం, ట్యాంకు నిండి స్విచ్ కలిస్తే బజర్ మోగుతుంది. మరి మేడ మీది వైరును ఎలుక కొరికితే? ఎండకు పెళుసై తెగిపోతే? స్విచ్ ఎప్పటికీ కలవదు. బజర్ ఎప్పటికీ మోగదు. ట్యాంకు పొంగుతుంది. మీరు మాత్రం అలారం ఉందన్న ధైర్యంతో నిశ్చింతగా ఉంటారు. అసలు అలారమే లేని రోజుల కంటే ఇది అధ్వాన్నం.

అందుకే తిరగేయండి. మామూలుగా స్విచ్ కలిసే ఉండాలి, ట్యాంకు నిండితే విడిపోవాలి. అప్పుడు తీగ తెగినా బోర్డుకు 'నిండింది' అన్నట్టే కనిపిస్తుంది, బజర్ మోగుతుంది. మీరు వెళ్లి చూస్తారు, తెగిన తీగ దొరుకుతుంది.

దీనికి రెండు మార్పులు. ఒకటి స్విచ్‌లో. ఇలాంటి ఫ్లోట్ స్విచ్‌లలో చాలావాటికి కింది క్లిప్పు తీసి, తేలే భాగాన్ని తలకిందులుగా పెట్టుకోవచ్చు. మల్టీమీటరు బీప్‌లో పెట్టి చూడండి. ఫ్లోట్ కిందికి వేలాడుతున్నప్పుడు బీప్ రావాలి, వేలితో పైకి లేపితే ఆగాలి. రెండోది ప్రోగ్రామ్‌లో. ఇఫ్ అన్న మాట ఉన్న వరుసలో 'హై' ఉన్నచోట 'లో' పెట్టండి, పెద్ద అక్షరాల్లోనే. మిగతా వరుసలు కదపకండి.

పరీక్ష: ఫ్లోట్‌ను 2వ పిన్నుకూ జీఎన్‌డీకీ మధ్య కలపండి. నిశ్శబ్దంగా ఉండాలి. పైకి లేపండి, మోగాలి. దించండి, ఆగాలి. ఆ తరువాత ఒక తీగను పూర్తిగా పీకేయండి, మోగాలి. ఈ చివరిది జరగకపోతే మేడ ఎక్కకండి.

ఒక లోపం మిగిలే ఉంటుంది. రెండు తీగలూ ఒకదానికొకటి తగులుకుపోతే బోర్డుకు 'నిండలేదు' అనే కనిపిస్తుంది. దానికి మందు నెలకోసారి ఫ్లోట్‌ను చేత్తో లేపి చూడటమే.

ఫ్లోట్ బదులు రెండు రాగి తీగలు నీళ్లలో ముంచితే చాలదా అని అడిగేవారున్నారు. వద్దు. ఎప్పుడూ ఒకే దిశలో కరెంటు పారే తీగలు నీళ్లలో త్వరగా కరిగి, పచ్చబడి పాడవుతాయి. ఆ నీళ్లే మీరు వాడుకుంటారు. ఫ్లోట్ స్విచ్‌లో విద్యుత్తు నీళ్లను తాకదు.

6. పొడవాటి వైరుకు సిద్ధం చేయండి

బల్ల మీద చక్కగా పనిచేసినది మేడ ఎక్కాక ఊరికే మోగడం మొదలుపెడుతుంది. కారణం పొడవాటి వైరు. అది చుట్టుపక్కల విద్యుత్ తీగల నుంచి, ముఖ్యంగా మోటారు వేసే క్షణంలో, గోల పట్టుకుంటుంది. చిప్ లోపలి పుల్అప్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు, అంటే బలహీనం.

2వ పిన్నుకూ 5 వోల్టులకూ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి పెట్టండి. 2వ పిన్నుకూ జీఎన్‌డీకీ మధ్య 104 కెపాసిటర్ పెట్టండి. రెండూ బోర్డుకు దగ్గరగా ఉండాలి. వైరును మోటారు తీగ వెంట తీసుకెళ్లకండి, ఒక పైపులో రెండూ కలపనే కలపకండి.

ట్యాంకులో నీళ్లు పడుతున్నప్పుడు అలలకు ఫ్లోట్ ఊగి, బజర్ తడబడుతూ మోగుతుంది. ప్రోగ్రామ్ చివరి బ్రాకెట్టుకు ముందు బ్లింక్‌లో చూసిన డిలే వరుసను చేర్చి 2000 అని రాయండి. రెండు సెకన్లకోసారి మాత్రమే చూస్తుంది కాబట్టి తడబాటు చాలావరకు తగ్గుతుంది. వరుస చివర సెమీకోలన్ మరిచిపోతే ప్రోగ్రామ్ ఎక్కదు. ఎర్రగా చూపే వరుసలో తప్పు కనబడకపోతే దాని పై వరుస చూడండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది.

7. మేడ మీద బిగించండి

మోటారు స్విచ్ ఆపి, ఇంట్లో అందరికీ చెప్పి, ఇంకొకరిని తోడు తీసుకుని ఎక్కండి. పీవీసీ పైపు కొసకు ఫ్లోట్ బిగించి, తీగను పైపు లోపలి నుంచి తెచ్చి, మూత నుంచి నిలువుగా వేలాడదీయండి. పొంగు నీళ్ల గొట్టానికి బెత్తెడు కిందుగా ఫ్లోట్ ఉండాలి. బజర్ విని లేచి మోటారు ఆపేంత వ్యవధి కావాలి కదా. నీళ్లు పడే చోటుకు దూరంగా పెట్టండి. తీగల అతుకులు నీటి మట్టానికి పైన ఉండాలి, సోల్డర్ చేసి స్లీవ్ తొడగాలి. ఒట్టి టేపు హైదరాబాద్ ఎండకు ఒక్క వేసవిలో జిగురు వదిలేస్తుంది.

బోర్డును ఇంట్లోనే, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, 5 వోల్టుల ఫోను అడాప్టరుతో నడపండి. పవర్ బ్యాంకు వద్దు. ఈ బోర్డు తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి, ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. కరెంటు పోతే అలారం పోతుందన్న చింత అక్కరలేదు, అప్పుడు మోటారు కూడా నడవదు. అడాప్టరు మీద 'ట్యాంకు అలారం, తీయవద్దు' అని చీటీ అంటించండి. ఫోను చార్జింగ్ కోసం ఎవరో ఒకరు దాన్ని తప్పకుండా పీకుతారు. ఉరుములు మెరుపులు బాగా ఉన్నప్పుడు మేడ నుంచి వచ్చే వైరును బోర్డు నుంచి ఊడదీయడం మంచిది.

8. పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి?

కింది ఐదూ జరిగాకే:

- నిజంగా మోటారు వేసి ట్యాంకు నింపినప్పుడు, నీళ్లు పొంగకముందే మోగింది.
- నీళ్లు వాడాక దానంతట అదే ఆగింది.
- మోటారును పదిసార్లు వేసి ఆపినా అనవసరంగా మోగలేదు.
- అడాప్టరు తీసి పెడితే, ఎవరూ ఏమీ నొక్కకుండా మళ్లీ కాపలా మొదలుపెట్టింది.
- మేడ మీద తీగ విప్పితే మోగింది.

రోజూ ఒకటి చొప్పున కాగితం మీద తేదీతో రాసుకోండి. ఏదైనా సంస్థలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ కాగితం, మీ పరికరం ఫొటో చూపించండి. ఎల్ఈడీ వెలిగించామని అందరూ చెబుతారు. తీగ తెగితే ఏం జరగాలో ఆలోచించి పరీక్షించానని చెప్పే అభ్యర్థిని ఎదుటివారు ఆగి వింటారు.

ఆ తరువాత

సంపు ఖాళీ అయితే మోగే రెండో ఫ్లోట్ పెట్టండి. అప్పుడు ఒకే బజర్‌తో రెండు రకాల కూతలు కావలసి వస్తుంది, డిలే అడ్డుపడుతుంది. ఎగ్జాంపుల్స్‌లోని బ్లింక్ వితౌట్ డిలే ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది. ఆపైన, ప్రోగ్రామ్ ఎక్కడైనా ఇరుక్కుపోతే చిప్‌ను మళ్లీ మొదలుపెట్టే వాచ్‌డాగ్ టైమర్ గురించి చదవండి. ఈ చిప్‌లో అది గరిష్ఠంగా 8 సెకన్ల వరకు వేచి చూస్తుంది. ఫోనుకు సందేశం రావాలంటే వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోండి. దాని పిన్నులు 3.3 వోల్టులవి. ఇక్కడి 5 వోల్టుల పుల్అప్‌ను అలాగే తగిలిస్తే చిప్ పాడవవచ్చు, ఆ రెసిస్టర్‌ను 3.3 వోల్టుల పిన్నుకు మార్చాలి. డబ్బా, ప్యానెల్ వంటివి చక్కగా తయారుచేయాలనే స్థాయికి వస్తే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. 2023లో ప్రారంభమైన ఆ కేంద్రం నమూనాల తయారీ కోసమే ఏర్పడింది.

కోర్సులో చేరేటట్టయితే, చేరేముందు అమీర్‌పేటలో కనీసం రెండు చోట్ల ఈ ప్రశ్నలు అడగండి: బోర్డు ఇంటికి ఇస్తారా, లేక ల్యాబ్‌లో నలుగురికి ఒకటా? చిప్ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తరగతిలో తెరిచి చదివిస్తారా? పరిశ్రమలో ఎక్కువగా వాడే ఏఆర్ఎం రకం చిప్ మీద, డీబగ్గర్‌తో ప్రోగ్రామ్‌ను ఒక్కో అడుగు ఆపి చూపిస్తారా? సీ భాష విడిగా నెలల తరబడి చెబుతారా, లేక చిప్ మీదే చెబుతారా? డేటాషీట్ ప్రశ్నకు సూటిగా జవాబు రాని చోట ఫీజు కట్టకండి.